సగం తెలిసిన మాటతో సాగిపోయే పిల్లలు

మన పిల్లలు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు. బడిలో పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. రేడియో, టెలివిజన్ చాలావరకు ఫ్రెంచిలో పలుకుతాయి. వారాంతంలో తెలుగు తరగతికి వచ్చి గుణింతాలు దిద్దుతారు. ఇన్ని భాషల నడుమ పెరిగే పిల్లలకు ఇంగ్లీషు ఒక లెక్కా అని బయటివారు అనుకుంటారు. కాని తరగతి గదిలో ప్రతి ఏటా మేము చూసేది వేరు. తెలివితేటలలో ఇంచుమించు సమానులైన ఇద్దరు పిల్లలకు ఒకే ఇంగ్లీషు పాఠం ఇస్తాం. మూడో వాక్యంలో తెలియని మాట తగలగానే ఒకరు ఆగిపోతారు, పెన్సిలు కింద పెట్టి మా ముఖం వంక చూస్తారు. రెండోవారు ఆ మాటను అక్కడే వదిలి పేజీ చివరిదాకా పోతారు, కథలో మూడు వంతులు సరిగానే చెప్పేస్తారు. ఏడాది తిరిగేసరికి వీరిద్దరి మధ్య దూరం చాలా పెరుగుతుంది. మొదటివారిని మందబుద్ధి అనడం మన బడులలో పాత అలవాటు. ఆ మాట తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ తేడా ఎందుకు వస్తుందన్న విషయమై ఎక్కువ పరిశోధన జరిగింది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో. ఇంగ్లీషు రాని కుటుంబాలు ప్రపంచం నలుమూలల నుండి అక్కడికి వచ్చి చేరుతుంటాయి, వారి పిల్లలు నేరుగా ఇంగ్లీషు బడిలో కూర్చుంటారు. కనుక ఈ ప్రశ్న అక్కడి ఉపాధ్యాయులకు ప్రతిదినం ఎదురయ్యేదే.

అర్థం ఇదీ అని తేలకుండా రెండు మూడు విధాలుగా ఊగిసలాడే స్థితిని మనం సందిగ్ధత అంటాం. ఆ స్థితిలో కంగారుపడకుండా కొంతసేపు నిలవగలిగే గుణాన్ని అక్కడివారు టాలరెన్స్ ఆఫ్ యాంబిగ్విటీ అన్నారు. మేము దీనిని సందిగ్ధ సహనం అని పిలుచుకొంటున్నాం. సహనం అన్నంత మాత్రాన ఇది నిర్లక్ష్యం కాదు. తెలియని మాటను పారవేయకుండా, దాని కోసం ఆగిపోకుండా, చేతిలో పట్టుకొనే ముందుకు నడవడం.

ఈ ఆలోచనకు మూలం భాషా తరగతి కాదు. ఎల్సీ ఫ్రెంకెల్ బ్రున్స్విక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వియన్నాలో పనిచేస్తూ, 1938లో ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించుకొన్నప్పుడు అమెరికా చేరి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్థిరపడింది. ఒక జాతిని చూసి మరొక జాతి ద్వేషించడం మనసులో ఎలా పుడుతుందన్నది ఆమె ప్రశ్న. 1949లో ఆమె ప్రచురించిన వ్యాసంలో ఒక చక్కని ప్రయోగం ఉంది. వరుసగా కొన్ని బొమ్మలు చూపుతారు. మొదటిది కుక్క. ఆ తరువాతి బొమ్మలు కొంచెం కొంచెంగా మారుతూ చివరకు పిల్లి అవుతాయి. కొందరు మధ్య బొమ్మల దగ్గర తటపటాయించి, ఇది ఏదో వేరుగా ఉందే అని ఒప్పుకొంటారు. మరికొందరు పిల్లి చెవులు కనబడుతున్నా ఇంకా కుక్క అనే అంటారు. ఇతర జాతులపై గట్టి దురభిప్రాయాలు ఉన్నవారిలో ఈ పట్టుదల ఎక్కువగా కనబడిందని ఆమె వ్రాసింది. వర్ణం, కులం, వచ్చిన ఓడ పేరు చెప్పి మనుష్యులను విడదీసిన తోటల సమాజం నుండి వచ్చిన మనకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

1962లో స్టాన్లీ బడ్నర్ అనే మరొక అమెరికన్ పరిశోధకుడు సందిగ్ధతను మూడు రకాలుగా విభజించాడు. పూర్తిగా కొత్తది కావడం వలన కలిగేది ఒకటి, ఎన్నో అంశాలు చిక్కుపడి ఉండడం వలన కలిగేది రెండవది, ఒకదానికొకటి పొసగక పోవడం వలన కలిగేది మూడవది. ఇంగ్లీషు ఈ మూడింటినీ పిల్లవాడి ముందు ఒకేసారి కుమ్మరిస్తుంది. కొత్త మాటలు సరే. ‘లైట్’ అన్న ఒక్క మాట దీపం, వెలుతురు, బరువు లేనిది, లేతరంగు, వెలిగించు అని ఎన్ని అర్థాలిస్తుందో చూడండి. ఇక స్పెల్లింగు సంగతి. చివర అవే నాలుగు అక్షరాలు పెట్టుకొని దో, త్రూ, టఫ్, కాఫ్ అని నాలుగు మాటలు నాలుగు రకాలుగా పలుకుతాయి. తెలుగు చదివే పిల్లవాడికి ఈ బాధ లేదు. వ్రాసినట్లే పలుకుతాడు. మన లిపి ఇచ్చే ఈ నిశ్చింత గొప్పదే. కాని నిశ్చింతకు అలవాటుపడిన పిల్లలలో కొందరు ఇంగ్లీషు పేజీని చూడగానే మోసపోయినట్లు ముఖం పెడతారు.

అయితే తెలుగువారికి సందిగ్ధత కొత్త కాదు. చెప్పు అంటే పాదరక్ష, చెప్పు అంటే పలుకు. పన్ను నోట్లోనూ ఉంటుంది, ప్రభుత్వానికీ కట్టాలి. పొడుపుకథ అంటేనే అర్థాన్ని దాచిపెట్టి పిల్లవాడిని కాసేపు ఊరించడం. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం అనే కావ్యం మొత్తాన్ని, ఒక విధంగా చదివితే రామకథ, మరొక విధంగా చదివితే భారతకథ అయ్యేటట్లు వ్రాశాడు. సందిగ్ధతను భయంగా కాక వినోదంగా చూసిన జాతి మనది. తరగతి గదిలోకి వచ్చేసరికి మాత్రం ఆ వినోదం ఎక్కడికో పోతుంది.

ఇక ఇంగ్లీషు నేర్చుకొనే పిల్లల విషయానికి వద్దాం. మేము చదివిన పరిశోధనలలో మా మనసుకు బాగా పట్టింది లిలీ వాంగ్ ఫిల్‌మోర్ గారిది. 1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసం కోసం ఆమె కాలిఫోర్నియాలో అయిదుగురు పిల్లలను ఒక విద్యా సంవత్సరం పాటు గమనించింది. అందరూ మెక్సికో నుండి వచ్చిన కుటుంబాల పిల్లలే, అయిదు నుండి ఏడేళ్ల వయసు వారు. ఇంట్లో స్పానిష్, చేతిలో ఇంగ్లీషు దాదాపు సున్న. ఒక్కొక్కరికి ఇంగ్లీషు మాట్లాడే స్నేహితుణ్ణి జతచేసి, ఇద్దరూ ఆడుకొంటుంటే వారి మాటలను రికార్డు చేసింది. పాఠం చెప్పలేదు, తప్పు దిద్దలేదు.

సంవత్సరం చివరకు ఆ అయిదుగురిలో ఉన్న తేడా ఆశ్చర్యం కలిగిస్తుంది. అందరికంటె ముందున్న పాపను పరిశోధనలో నోరా అనే మారుపేరుతో పిలిచారు. ఆమె చేసిందేమిటి? అర్థం కాకపోయినా అర్థమైనట్లే గుంపులో కలిసిపోయింది. ఎదుటివారు చెప్పే మాట ఇప్పుడు కళ్లముందు జరుగుతున్న దానికి సంబంధించినదే అయి ఉంటుందని నమ్మి అర్థం ఊహించుకొంది. విన్న వాక్యాలను ముక్కలు చేయకుండా ముద్దగా పట్టుకొంది. ‘హౌ డూ యూ డూ దీజ్’ అన్నది అలాంటి ముద్ద. మొదట దేనికైనా అదే ప్రశ్న. తరువాత దాని చివర ఇతర మాటలు తగిలించింది. మరికొన్నాళ్లకు ‘దీజ్’ ఊడిపోయి ఆ చోట వేరే మాటలు వచ్చాయి. ఆ తరువాత ‘హౌ డూ యూ’ మిగిలింది. చివరకు ‘హౌ’ ఒక్కటే విడివడి, తనకు కావలసిన ప్రశ్నలన్నింటికీ పనికివచ్చింది. వ్యాకరణం ముందు నేర్చుకొని వాక్యం కట్టలేదు. సగం తెలిసిన వాక్యాన్ని వాడి వాడి దానిలో నుండి వ్యాకరణాన్ని బయటకు తీసింది.

పెద్ద విషయాలు ముందు, చిల్లర వివరాలు తరువాత అన్నది ఆ పిల్లలలో ఫిల్‌మోర్ గమనించిన మరొక పద్ధతి. మన బడులలో దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తుంటారు. వాక్యం చివరి ‘ఎస్’ సరిగా పడేవరకు రెండో వాక్యం పలకనివ్వరు.

పెద్దవారి విషయంలోనూ ఇంచుమించు ఇదే కనబడింది. మంచి భాషా విద్యార్థి ధైర్యంగా ఊహించేవాడు, ఊహ సరిపోయిందో లేదో కనిపెట్టేవాడు అని జోన్ రూబిన్ 1975లో వ్రాసింది. పక్కనున్న కెనడాలో, టొరాంటో నగరంలో ఫ్రెంచి నేర్చుకొనే బడిపిల్లలను పరిశీలించిన నైమన్, ఆయన సహచరులు 1978లో వెలువరించిన పుస్తకంలో, సందిగ్ధ సహనం ఉన్నవారు విని అర్థం చేసుకొనడంలో మెరుగ్గా ఉన్నారని తేలింది. 1986లో కేరల్ చాపెల్, చెరిల్ రాబర్ట్స్ అమెరికాలో ఇంగ్లీషు శిక్షణ పొందుతున్న విదేశీ విద్యార్థులను పరీక్షించి, ఈ గుణానికీ ఇంగ్లీషు పరీక్షలలో వచ్చే మార్కులకూ సంబంధం ఉందన్న వాదనకు బలం చేకూర్చారు. అమెరికన్ పరిశోధకుడు క్రిస్టఫర్ ఎలీ భాషా తరగతికే ప్రత్యేకించిన ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. చదువుతున్నప్పుడు ప్రతి మాటా తెలియకపోతే చిరాకు వస్తుందా, ఉపాధ్యాయుడి మాట పూర్తిగా అందకపోతే ఇబ్బందిగా ఉంటుందా, ఇలాంటివి అందులో అడుగుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉంది. ప్రశ్నావళిలో మనిషి తన గురించి తానే చెప్పుకొంటాడు. పైగా సహనం ఉన్నందువలన భాష వచ్చిందా, భాష వచ్చినందువలన సహనం వచ్చిందా అన్నది ఇలాంటి లెక్కలతో తేలదు. రెండూ ఒకదానినొకటి పెంచుకొంటాయని మా అభిప్రాయం. ఈత వచ్చినవాడికి లోతు భయం తగ్గుతుంది, భయం తగ్గినవాడికి ఈత త్వరగా వస్తుంది.

సహనం ఎంత ఎక్కువైతే అంత మంచిదని కూడా అనుకోరాదు. హవాయిలో స్థిరపడిన ఒక జపాను చిత్రకారుణ్ణి రిచర్డ్ ష్మిట్ మూడేళ్లు గమనించి 1983లో ప్రచురించాడు. వెస్ అన్నది ఆయనకు పెట్టిన మారుపేరు. మనిషి కలుపుగోలు. ఇంగ్లీషులో వ్యాపారం చేస్తాడు, స్నేహాలు చేస్తాడు, హాస్యమాడతాడు. మూడేళ్లలో సంభాషణ ఎంతో పెరిగింది. వ్యాకరణం మాత్రం దాదాపు మొదలున్న చోటనే ఉంది. భూతకాలం చెప్పే ‘ఎడ్’ ఆయన నోట పలకనే లేదు. మాటలు తేలకున్నా ఆయనకు బాధ లేదు, అందుకే వాటిని తేల్చుకోవలసిన అవసరమూ కలగలేదు. నోరాకు, ఈయనకు తేడా అక్కడ ఉంది. ఆ పాప ముద్దను పట్టుకొని ఊరుకోలేదు, రోజూ దాన్ని విప్పుతూనే ఉంది.

మరొక పక్క చీకటిని సందిగ్ధత అని పిలవడం అన్యాయం. శాన్ ఫ్రాన్సిస్కో బడులలో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు సుమారు 1,800 మంది ఏ ప్రత్యేక సహాయం లేకుండా ఇంగ్లీషు తరగతులలో కూర్చోవలసి వచ్చింది. వారి తరఫున వేసిన లా వర్సెస్ నికొల్స్ అనే దావాలో అమెరికా సుప్రీం కోర్టు 1974లో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అందరికీ అవే పుస్తకాలు, అవే బల్లలు, అదే ఉపాధ్యాయుడు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్లు కాదు, భాష తెలియని పిల్లలకు అక్కడ చదువే అందడం లేదు అన్నది దాని సారాంశం. పది మాటలలో ఏడు తెలిసినప్పుడు మిగిలిన మూడింటిని ఓర్చుకోవచ్చు. పదికి పది తెలియనివాడిని ఓర్చుకోమనడం ఏ బోధనా పద్ధతీ కాదు. ఈ మాట మా తోటి ఉపాధ్యాయులు కొందరికి రుచించదు. నీళ్లలో పడేస్తే ఈత అదే వస్తుందని వారి నమ్మకం.

ఈ మధ్య తల్లిదండ్రుల నోట తరచుగా వినబడుతున్న ‘లెర్నింగ్ స్టైల్స్’ గురించి కూడా చెప్పాలి. మా అబ్బాయి చూసి నేర్చుకొనే రకం, మా అమ్మాయి విని నేర్చుకొనే రకం అంటుంటారు. ఇంగ్లీషు తరగతులలో దీనికి ప్రచారం తెచ్చిన వారిలో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జాయ్ రీడ్ ముఖ్యురాలు. 1987లో ఆమె 1,388 మంది విద్యార్థుల సమాధానాలు సేకరించింది. చూపు, వినికిడి, శరీర చలనం, చేతి స్పర్శ, గుంపుతో కలిసి, ఒంటరిగా అని ఆరు తీరులు. ఇంగ్లీషు నేర్చుకొంటున్న విదేశీ విద్యార్థులలో ఎక్కువమంది చేసి, తాకి నేర్చుకొనడం ఇష్టమన్నారు. గుంపుగా నేర్చుకొనడం చాలామందికి నచ్చలేదు. ఇష్టాల వరకు ఇది పనికివచ్చే సమాచారమే. కాని పిల్లవాడి రకాన్ని కనిపెట్టి ఆ రకంగానే బోధిస్తే ఎక్కువ నేర్చుకొంటాడన్న మాటకు తగిన ఆధారం లేదని హెరాల్డ్ పాష్లర్ మరి ముగ్గురు శాస్త్రవేత్తలు 2008లో ఆ పరిశోధనలన్నీ తిరగవేసి తేల్చారు. ఇష్టం వేరు, నేర్పు వేరు.

మాకు బాధ కలిగించేది మరొకటి. రకం అని ముద్ర వేస్తే అది పిల్లవాడి నుదుట అలాగే ఉండిపోతుంది. సందిగ్ధ సహనాన్ని కూడా అలాంటి మరో ముద్రగా వాడితే మొదటివారిని మందబుద్ధి అన్నట్లే అవుతుంది. ఇంట్లో పొడుపుకథ విప్పడానికి గంటసేపు తంటాలుపడే పిల్లే ఇంగ్లీషు పీరియడులో ఒక్క మాట దగ్గర బిగుసుకుపోవడం మేము ఎన్నోసార్లు చూశాం. ఇంట్లో తప్పు చెబితే నవ్వుతారు, మళ్లీ అడుగుతారు. బడిలో తప్పు చెబితే ఎర్ర సిరా.

ఇంగ్లీషు బడుల గురించి మాట్లాడేటప్పుడు చెరకు తోటలను మరువరాదు. అమెరికాలోనూ అవి ఉన్నాయి. 1898లో అమెరికాలో కలిసిన హవాయి దీవులకు చైనా, పోర్చుగల్, జపాన్, ఫిలిప్పీన్స్ దేశాల నుండి కూలీలను తెచ్చారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. పొలంలో పని నడవాలి. సగం సగం మాటలతోనే మొదలుపెట్టి వారు ఒక భాష సృష్టించుకొన్నారు. వారి పిల్లలు దానినే సొంత భాషగా మాట్లాడారు. ఇది మనకు తెలిసిన కథే. గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి కోరంగి రేవు పేరు మోసుకొని మారిషస్ చేరిన మన ముత్తాతలకు క్రియోల్ ఎవరు నేర్పారు? నిఘంటువు లేదు, గుణింతం లేదు. సిర్దారు కేక, పక్కవాడి చెయ్యి, కొడవలి ఊపు, వీటిని చూసి అర్థం పట్టుకొన్నారు. భోజ్‌పురి కూడా అలాగే వచ్చింది. అక్షరం రాదని చిన్నచూపు చూసిన ఆ మనుష్యులు, నేటి పరిశోధకులు మంచి విద్యార్థి లక్షణం అంటున్నదానిని చెరకు గట్ల మీద ప్రతిరోజూ చూపించారు.

హవాయి బడులు ఏమి చేశాయో కూడా చెప్పాలి. 1924 నుండి అక్కడ ఇంగ్లీషు స్టాండర్డ్ స్కూళ్లు అని వేరుగా పెట్టారు. నోటి పరీక్షలో స్వచ్ఛమైన ఇంగ్లీషు పలికిన పిల్లలకే ప్రవేశం. తోట భాష నోట్లో మిగిలిన కూలీల పిల్లలలో చాలామంది బయటే ఉండిపోయారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఆ పద్ధతిని క్రమంగా ఎత్తివేశారు. మన దగ్గరా క్రియోల్‌కు ప్రాథమిక పాఠశాలలో ఒక పాఠ్యాంశంగా చోటు దొరికింది 2012లోనే. అంతవరకు అది తరగతిలో పలికితే చీవాట్లు పడే భాష.

ఇక మన తెలుగు సంగతి. మేము తెలుగు నేర్చుకొన్నది సమాజం వారు నడిపిన సాయంత్రపు తరగతులలో. ప్రతి మాటకు అర్థం, ప్రతి అర్థానికి మరొక అర్థం వ్రాసుకొని చదివాం. అక్షరం గట్టిపడింది, ఆ గురువులకు ఋణపడి ఉన్నాం. కాని రామభజనంలో జరిగేది వేరు. దీపం చుట్టూ తిరుగుతూ పెద్దలు పాడే పాటలలో సగం మాటలకు పాడేవారికే అర్థం తెలియదు. అయినా పాట తప్పదు, ఉచ్చారణ తప్పదు, ఏ చరణం తరువాత ఏది వస్తుందో పసిపిల్లలకు కూడా తెలుసు. అది నోరా పట్టుకొన్న ముద్ద వంటిదే. విప్పేవారు లేక అలాగే మిగిలిపోయింది. ఇంటి భాషగా తెలుగు మన దగ్గర ఇంచుమించు నిలవలేదు, భజనలో మాత్రం నిలిచింది. తెలుగు పంతులు భజన పాటలో నుండి ఒక చరణం తీసుకొని, పిల్లలకు ముందే నోటికి వచ్చిన ఆ మాటలను ఒక్కొక్కటిగా విప్పితే ఎలా ఉంటుందో ప్రయత్నించి చూడవచ్చు.

ఇంగ్లీషు తరగతిలో మేము అనుసరించే పద్ధతి చిన్నది. కథను ఆపకుండా ఒకసారి పూర్తిగా చదివి వినిపిస్తాం. ఎవరూ ప్రశ్న అడగరాదు. తరువాత ఏమి జరిగిందో క్రియోల్‌లోనైనా, తెలుగులోనైనా, ఇంగ్లీషులోనైనా చెప్పమంటాం. ‘అయి ఉండవచ్చు’ అని మొదలుపెట్టిన సమాధానాన్ని తప్పు అనం, ఎందుకు అలా అనుకొన్నావు అని మాత్రం తప్పక అడుగుతాం. అడగకపోతే వెస్ దారి పడుతుంది. రెండోసారి పిల్లలే చదువుతూ తెలియని మాటల కింద పెన్సిలుతో సన్నగా గీత గీస్తారు. మళ్లీ చదివేటప్పుడు అర్థం తట్టిన మాట కింద గీతను రబ్బరుతో తుడిచివేయాలి. నిఘంటువు తెరిచేది ఆ తరువాతే. అప్పటికి పేజీ మీద నాలుగైదు గీతల కంటె ఎక్కువ మిగలవు. మూడో వాక్యం దగ్గర పెన్సిలు కింద పెట్టే పిల్లలు మొదటి వారాలలో పేజీ నిండా గీతలు గీస్తారు. వారి పుస్తకాలలో రబ్బరు మరకలు కనబడడానికి సాధారణంగా రెండో టరము వరకు పడుతుంది.